ఇద్దరూ కీలకమే

కీలక వ్యక్తి అనే మాటను కనిపెట్టినవాడెవడో గాని, వాడికి అక్కగాని తమ్ముడుగాని ఉండి ఉండరు. ఉంటే అలాంటి ప్రశ్నను అచ్చువేసి, పక్కన గడి గీసి, టిక్కు పెట్టమని మనుషుల చేతికి ఇవ్వడు.

మా వకీలమ్మ ఆ కాగితాన్ని నా ముందూ మా తమ్ముడి ముందూ పెట్టి, పాపం చాలా ఓపికగానే చెప్పింది. కొత్త కంపెనీ పెట్టినవాళ్ళకు ఈ దేశం శాశ్వత నివాసం ఇస్తుంది. మన ఆలోచన పనికొస్తుందని ఒక ఇంక్యుబేటర్ సంస్థ పూచీ పడితే, ముందు తాత్కాలిక పర్మిట్టు మీద ఉండి కంపెనీ నడుపుకోవచ్చు. ఫైలు వరసలో జరిగి జరిగి ఏనాటికో కార్డు వస్తుంది. భాగస్తులు ఇద్దరున్నా ముగ్గురున్నా ఫరవాలేదు. కాకపోతే అందులో కీలక వ్యక్తి ఎవరో, అంటే ఎవరు లేకపోతే కంపెనీ నడవదో, ముందే రాసివ్వాలి.

"మామూలు భాగస్తుడి దరఖాస్తు కొట్టేస్తే అతనొక్కడే పోతాడు. కీలక వ్యక్తిది కొట్టేస్తే అందరిదీ పోతుంది. అందుకే ఒక్కరినే కీలకంగా పెట్టుకోండి. నా మాట వినండి," అంది.

మా చంటోడు పుట్టి బుద్ధెరిగి నా మాటే వినలేదు, ఆవిడ మాట వింటాడా! నలభై దగ్గరపడ్డా నాకు వాడు చంటోడే.

"మా అక్క పేరు పెట్టండి. ఆవిడ లేకపోతే నేను బస్టాపు దాకా కూడా వెళ్ళలేను," అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. ఆలోచన వాడిది, మేము చేసే పెట్టెలో బోర్డు వాడిది, ప్రోగ్రాము వాడిది. "నోర్ముయ్యరా. వాడి పేరే పెట్టండమ్మా. వాడు లేకపోతే నేనేం చేస్తాను, ఖాళీ డబ్బాలకు స్క్రూలు బిగించుకుంటూ కూర్చుంటానా?" అన్నాను.

వకీలమ్మ కాఫీ తెచ్చుకుంటానని లేచి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి మేమింకా పోట్లాడుకుంటూనే ఉన్నాం. మాది చిన్నప్పటినుంచీ అంతే. పెద్దముక్క నువ్వు తీసుకోమంటే నువ్వు తీసుకోమని కొట్టుకుని, చివరికి ఇద్దరం ఏడ్చే రకం. ఒకరి ఎదురుగా ఒకరిని తక్కువ చేసి రాయడానికి ఇద్దరికీ చెయ్యి రాలేదు. రెండు గడుల్లోనూ టిక్కు పెట్టేశాం. బయటికొస్తూ ఏదో ఘనకార్యం చేసినట్టు నవ్వుకున్నాం కూడా. మా మొహాలు మండ.

అప్పటికి మా ఆయన ఉద్యోగం గడువు తీరబోతోంది. ఆ ఉద్యోగం మీదే మేము ఈ దేశం వచ్చాం. అమ్మాయిని చిన్న క్లాసులో ఉండగా చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాను. చదువుకని వెనకాలే వచ్చిన తమ్ముడు మా ఇంట్లోనే ముందుగదిలో మకాం పెట్టాడు. అందరం ఇక్కడే ఉండిపోవాలంటే ఈ కంపెనీ ఒక్కటే దారి.

కంపెనీ అంటే పెద్ద మేడలూ అద్దాలూ అనుకునేరు. టైర్ల కొట్టు వెనక అద్దెకు తీసుకున్న రేకుల షెడ్డు. అందులో మేము చేసేది సబ్బుపెట్టె అంతుండే ఒక పెట్టె. దాన్ని దుకాణాల్లో ఉండే చలిగదికి, అదే మాంసమూ పాలూ మందులూ నిలవ ఉంచే గదికి, లోపల అతికిస్తాం. గది వేడెక్కినా, తలుపు సరిగ్గా పడకపోయినా అది యజమాని ఫోనుకి కబురు పెడుతుంది, కుయ్యోమని అరుస్తుంది. సెలవుల్లో మోటారు ఆగిపోయి సరుకంతా పాడైపోయి తలపట్టుకున్నవాళ్ళు ఎంతమందో ఉన్నారు. వాళ్ళంతా మా పెట్టెను కళ్ళకద్దుకున్నారు.

ఇంక్యుబేటర్ అంటే నెలలు నిండని బిడ్డల్ని పడుకోబెట్టేదే నాకు తెలుసు. కంపెనీలకూ ఉంటుందని చంటోడు చెబితే, "మన పెట్టెకు నెలలు నిండలేదనా?" అని అడిగాను. వాడు పడీపడీ నవ్వాడు. ఆ సంస్థవాళ్ళ ముందు పెట్టెను చూపించే రోజున వాడు చేసిన పని ఇప్పటికీ మరచిపోలేను. అలారానికి మామూలు కూత పెట్టకుండా, ఇంట్లో నేను వాణ్ణి తిడుతుంటే దొంగతనంగా రికార్డు చేసి అది పెట్టాడు. పెద్దమనుషులంతా చూస్తుండగా ఫ్రిజ్ తలుపు తెరిచి ఉంచాడు. పెట్టె నా గొంతుతో "ఒరేయ్, తలుపెవడు వేస్తాడ్రా, మీ తాతా?" అని అరిచింది. నాకు ప్రాణం చచ్చిపోయింది. వాళ్ళకు మాట అర్థం కాలేదు, కోపం మాత్రం అర్థమైంది. ఒకాయన గబుక్కున లేచి వెళ్ళి తలుపు వేశాడు. మాకు పూచీ పత్రం ఆ నవ్వుల్లోనే వచ్చింది.

ఆ తర్వాత ఎదురుచూపులు. పర్మిట్టు గడువు తీరడం, మళ్ళీ పొడిగించుకోవడం, ఫైలు ఎక్కడుందని వకీలమ్మ ప్రాణం తీయడం. నేను బల్ల ముందు కూర్చుని తీగలు అతికేదాన్ని, ఫోన్లు ఎత్తేదాన్ని. చంటోడు బోర్డులు చేసేవాడు, దుకాణాలు తిరిగి పెట్టెలు బిగించేవాడు. వచ్చేది మాత్రం రోజూ ఆలస్యంగానే. మొదట్లో అలా ఉండేవాడు కాదు. రానురాను ఈడ్చుకుంటూ రావడం, వచ్చీరాగానే స్టూలు మీద కూలబడటం. బూట్లు మానేసి చెప్పులతో వచ్చేవాడు.

"కంపెనీ యజమానివా, నిద్రమొహానివా? ఆ చెప్పులేంట్రా?" అనేదాన్ని.

"బూట్లు బిగుతైపోయాయే అక్కా. ధనవంతుణ్ణి అవుతున్నాను కదా, పాదాలక్కూడా ఒళ్ళు వస్తోంది," అనేవాడు.

నవ్వేదాన్ని. కళ్ళెదురుగా కాళ్ళు వాచిన మనిషిని పెట్టుకుని నవ్వేదాన్ని.

ఫైలు చివరికొచ్చాక అందరినీ వైద్య పరీక్షలకు పిలిచారు. మా ముగ్గురివీ సరిపోయాయి. వాణ్ణి ఇంకోసారి రమ్మన్నారు, ఆపైన పెద్దాసుపత్రికి పొమ్మన్నారు. కిడ్నీలు రెండూ చాలావరకు పనిచేయడం మానేశాయని చెప్పారు. ఇక డయాలసిస్ తప్పదట. నా కిడ్నీ తీసుకోండని అక్కడికక్కడే చెయ్యి చాచాను, అదేదో చేతిలోంచి తీసిచ్చేదైనట్టు. నాకు షుగరుంది. షుగరున్నవాళ్ళది పనికిరాదన్నారు. మా ఆయనది సరిపోలేదు. ఆ డాక్టరుతో కూడా పోట్లాడాను. పోట్లాడటం తప్ప నాకేం వచ్చు?

వకీలమ్మ ఈసారి కాగితం మా ముందు పెట్టలేదు. తలొంచుకుని చెప్పింది.

"ఇంత ఖర్చయ్యే వైద్యం కావలసినవాళ్ళకు ఇక్కడ శాశ్వత నివాసం ఇవ్వరండీ. అతనిది కొట్టేస్తారు. అతను కీలకం కాబట్టి మీదీ, మీవారిదీ, అమ్మాయిదీ కూడా పోతుంది."

"అయితే?" అన్నాను.

"ఒక్కటే దారి. వాళ్ళు కొట్టేయకముందే, అతను కీలకం కాదని మార్పించాలి. అతను లేకపోయినా కంపెనీ నడుస్తుందని మీరు ఆఫీసరుకు చెప్పాలి. అతను ఒప్పుకోవాలి. ఆయన నమ్మాలి. అప్పుడు అతని దరఖాస్తు అతనితోనే పోతుంది."

నేను లేచి నిలబడ్డాను. "ఆ మాట నా నోటితో చెప్పించాలని చూస్తే నోరు పడిపోతుంది. అందరం కలిసే వచ్చాం, అందరం కలిసే పోతాం. పదరా," అన్నాను. వాడు లేవలేదు.

ఇంటికెళ్ళాక వంటగదిలో నలుగురం కూర్చున్నాం. అమ్మాయి అప్పుడు నర్సింగ్ చదువు మధ్యలో ఉంది. ఫైలు పోతే పర్మిట్టు పోతుంది, చదువు ఆగిపోతుంది. మళ్ళీ మొదటినుంచి దరఖాస్తు వేసుకుంటే, అది వరసలో జరిగేలోపు దానికి వయసు దాటిపోతుంది. మా పిల్లగా లెక్కలోకి రాదు. తెలివొచ్చింది ఇక్కడ, స్నేహితులంతా ఇక్కడ. ఇంకో చోటు దానికి ఫొటోల్లోనే తెలుసు.

అదే ముందు నోరు విప్పింది. "నా కోసం ఏమీ చెయ్యకమ్మా. నేను మామయ్యతో వెళ్ళిపోతాను. నేనే చూసుకుంటాను."

"నువ్వా? నీకక్కడ ఏ బస్సెక్కాలో కూడా తెలీదు. నువ్వు నన్ను చూసుకునేదేంటి కోడలా, నిన్ను నేను చూసుకోలేక చావాలి," అన్నాడు వాడు. తర్వాత నా వైపు తిరిగాడు. "అక్కా, నాకెలాగూ రాదు. నాకు రానిది దీనికి కూడా రాకుండా చేస్తే నీకు హాయిగా ఉంటుందా?"

మా ఆయన కళ్ళు తుడుచుకోవడం నేను చూడటం అదే మొదటిసారి. వేరే దారి చెప్పమని ఆయన్ని పట్టుకుని కుదిపేశాను. ఉంటేగా చెప్పడానికి.

ఇంటర్వ్యూకు పిలుపొచ్చింది. ఆ ముందురోజు షెడ్డులో వాడు ఆఫీసరు వేషం వేశాడు. సోల్డరింగు బల్ల వెనక కూర్చుని, కళ్ళజోడు ముక్కు చివరికి లాక్కుని, "చెప్పండమ్మా, ఈయన లేకపోతే మీ కంపెనీ నడుస్తుందా?" అన్నాడు.

నోరు తెరిచాను. ఏడుపొచ్చింది.

"ఇదిగో, ఇలా ఏడిస్తే చచ్చినా నమ్మడు. ఏడుపు కాదు, తిట్టు. నన్ను తిట్టడంలో నిన్ను మించినవాళ్ళు లేరుగా. రోజూ తిట్టేదే ఆఫీసరు ముందు తిట్టు," అన్నాడు.

అలా నేర్పించాడు. సరిగ్గా తిట్టినప్పుడల్లా "శెభాష్" అన్నాడు. మధ్యలో నీరసం వచ్చి తల బల్ల మీద పెట్టుకుని, అలాగే "ఊఁ, ఇంకోసారి," అన్నాడు. ఆ తలకాయ మీద చెయ్యి వేసి, వాడెందుకూ పనికిరాడని మళ్ళీ చెప్పాను.

మర్నాడు ఆ గదిలో ముగ్గురమే ఉన్నాం. ఆఫీసరు కఠినుడై ఉంటే బాగుండేది, ఆయన మీద మండిపడి బతికిపోయేదాన్ని. ఆయన చాలా మెత్తటి మనిషి. నీళ్ళిచ్చాడు. తర్వాత అడిగాడు.

"దరఖాస్తులో ఇద్దరూ కీలకమేనని రాశారు. ఇప్పుడు ఈయన కాదంటున్నారు. అప్పుడు అబద్ధం రాశారా?"

ఇది మేము అనుకోని ప్రశ్న. చంటోడు నా వైపు చూశాడు. నేను నోరు విప్పాను. విప్పాక ఇక ఆగలేదు.

"తమ్ముడు కదా అని రాశానండి. చిన్నబుచ్చుకుంటాడని. నిజానికి వీడు చేసేదేం లేదు. మొదట్లో బోర్డు ఒకటి చేశాడు, అంతే. అది ఇప్పుడు ఎవరైనా చేస్తారు. రోజూ ఆలస్యంగా వస్తాడు. కాళ్ళీడ్చుకుంటూ వచ్చి స్టూలు మీద కూలబడతాడు. అరగంట పని చేస్తే గంట పడుకుంటాడు. అంతా నేనే చూసుకుంటున్నాను. వీడున్నా ఒకటే, లేకపోయినా ఒకటే."

ఆఖరి మాట వాడు నేర్పించింది కాదు. అది ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలీదు.

ఆఫీసరు వాడి వైపు తిరిగాడు. "మీరు ఒప్పుకుంటారా?"

"అవునండి. మొదటినుంచీ అంతా మా అక్కే," అన్నాడు వాడు, చేతులు కట్టుకుని.

"మరి మీరేం చేస్తారు?"

"మా దేశం వెళ్ళి పడుకుంటానండి. ఆవిడ చెప్పిందిగా, నాకు బాగా వచ్చిన పని అదే."

ఆఫీసరు నవ్వాడు. వాడు నవ్వాడు. నేనూ నవ్వాను. నవ్వకపోతే అంతా పాడవుతుందని నవ్వాను.

బయటికొచ్చి బస్సు కోసం నిలబడ్డాం. వాడు రోడ్డు వైపు చూస్తూ, "మరీ అంత ఆలస్యంగా వస్తున్నానా అక్కా, రోజూ?" అన్నాడు.

"ఏడిశావ్లే. ఆయన నమ్మాలని అన్నాను. నువ్వేగా తిట్టమన్నావు," అన్నాను.

"అవునవును. బాగా తిట్టావు," అన్నాడు.

మర్నాడు పొద్దున నేను షెడ్డుకు వెళ్ళేసరికి తాళం వేసిన తలుపు ముందు నిలబడి ఉన్నాడు. తన తాళంచెవి అంతకుముందే వకీలమ్మ ఎదుట నాకిచ్చేశాడు. చలికి ముక్కు ఎర్రబడింది. కాళ్ళకు ఆ బిగుతు బూట్లు తొడుక్కున్నాడు.

"చూశావా, ఇవాళ నీకంటే ముందే వచ్చాను," అన్నాడు.

నేను వాణ్ణి కొట్టాను. నిజంగానే కొట్టాను, భుజం మీద, వీపు మీద. కొడుతూ కొడుతూ వాడి మీదే వాలిపోయి గుక్కపట్టి ఏడ్చాను. తర్వాత కిందకూర్చుని ఆ బూట్లు విప్పాను. నా వేళ్ళ గుర్తులు వాడి పాదంలో గుంటలుగా ఉండిపోయాయి.

ఆఫీసరు మార్పుకు ఒప్పుకున్నాడు. తన దరఖాస్తు వెనక్కి తీసుకున్నాక వాడు మా దేశం వెళ్ళిపోయాడు. అక్కడ మా పిన్ని కొడుకు ఇంట్లో ఉండి డయాలసిస్‌కు వెళ్ళేవాడు. ఫోన్లో రోజూ మాట్లాడేవాళ్ళం, కంపెనీ సంగతి తప్ప. వాడితో పని చేయిస్తున్నట్టు తెలిస్తే మళ్ళీ మొదటికొస్తుందని వకీలమ్మ మరీ మరీ చెప్పింది. ఒకసారి బేకరీలో పెట్టెలన్నీ ఉత్తి పుణ్యానికి కూయడం మొదలుపెట్టాయి. బేకరీ ఆయన నన్ను నానా మాటలూ అన్నాడు. నాకు అంతు చిక్కలేదు. ఫోను చేతిలోకి తీసుకోవడం, మళ్ళీ బల్ల మీద పెట్టేయడం. తల ప్రాణం తోకకొచ్చాక, నా తిప్పలు నేను పడి ఎలాగో సరిచేశాను.

అమ్మాయి ఊరుకోక వాడికి చెప్పేసింది.

"అదా! నన్నడిగితే రెండు మాటల్లో చెప్పేవాణ్ణిగా," అన్నాడు.

"అడగకూడదుగా."

"నువ్వే చేశావా మొత్తం?"

"ఆఁ."

"అయితే నిజంగానే నా అవసరం లేదన్నమాట," అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. కాదురా, నువ్వు లేక చచ్చిపోతున్నానని చెప్పాలనుకున్నాను. ఆ మాటను ఫోన్లో ఎవరైనా వింటారేమోనని భయపడ్డాను. చూడండి, మనిషిని ఎంత పిరికిదాన్ని చేసేస్తుందో ఈ కార్డు. "మందులు వేసుకున్నావా?" అన్నాను.

వాడి ఒంట్లోకి ఇన్‌ఫెక్షన్ పాకిందని పిన్ని కొడుకు చెప్పినప్పుడు అటక మీద నుంచి ప్రయాణాల పెట్టె దించాను. మా పర్మిట్టు అప్పుడు పొడిగింపులో ఉంది. దేశం దాటి వెళితే తిరిగి రానివ్వరని, ఆఖరి పిలుపు ఏ క్షణమైనా రావచ్చని వకీలమ్మ చెప్పింది. పోతే పోనీ అన్నాను. మా ఆయన కూడా వెళ్ళమనే అన్నాడు. వాడే ఆస్పత్రి మంచం మీద నుంచి ఫోను చేశాడు.

"వచ్చావంటే నీతో మాట్లాడను. నువ్వు నన్ను అన్ని మాటలన్నది ఎందుకు? ఊరికే పడ్డానా నేను?"

"కోపమొచ్చిందిరా నీకు? ఆ రోజున?" అని అడిగాను. అన్నాళ్ళూ అడగలేకపోయిన మాట.

"కోపమేం లేదు. ఆ పడుకుంటాడన్నదొక్కటి కొంచెం తగ్గించాల్సింది," అన్నాడు. "కార్డు తీసుకుని రా. దర్జాగా రా."

ఆ ప్రయాణాల పెట్టెను అటక ఎక్కించలేదు, విప్పలేదు. దానికి తట్టుకుంటూనే ఇంట్లో తిరిగాం. ఆ వారంలోనే, నేనొక మందుల గోదాములో చలిగది లోపల పెట్టె బిగిస్తుండగా ఫోను మోగింది. పిన్ని కొడుకు గొంతు వినగానే నాకు తెలిసిపోయింది. చలిగదిలో ఏడిస్తే మొహం మండుతుంది. ఆ సంగతి నాకప్పుడే తెలిసింది. నేను తలుపు సరిగ్గా వేయలేదేమో, కొత్త పెట్టె కుయ్యోమని అరవడం మొదలుపెట్టింది. తలుపు వేయమని నన్ను తిట్టేవాడు లేడు, నేను తిట్టడానికి వాడు లేడు. గోదాము మనిషి వచ్చి నన్ను బయటికి తీసుకొచ్చేదాకా అక్కడే కూర్చుండిపోయాను.

వాడి దగ్గరికి నేను వెళ్ళలేదు. చూడలేదు. అంతా అయిపోయాక వెళ్ళి ఎవర్ని చూడను?

ఆ తర్వాత ఎంతో కాలం పట్టలేదు. ఆఖరి పిలుపు వచ్చింది. అదే భవనం, వేరే గది. ఈసారి ఆఫీసరు కుర్చీలో ఒక చిన్నపిల్ల కూర్చుని ఉంది, మా అమ్మాయికంటే కాస్త పెద్దదై ఉంటుంది. ముగ్గురికీ కుర్చీలు చూపించింది. కార్డులు అచ్చుకు పంపే ముందు మామూలుగా అడిగేవి కొన్ని ఉన్నాయండీ, రెండు నిమిషాల్లో అయిపోతుంది అంది. చిరునామా అదేనా, కంపెనీ నడుస్తోందా, మీరే నడుపుతున్నారా. అన్నిటికీ అవునన్నాను. ఒక్కో జవాబుకీ ఒక్కో టిక్కు పెట్టుకుంటూ పోయింది.

"ఆఖరిది. క్రితం ఇంటర్వ్యూ తర్వాత కంపెనీకి కీలకమైనవాళ్ళు ఎవరైనా మానేయడంగాని, చనిపోవడంగాని జరిగిందా?"

మా ఆయన నేల వైపు చూశాడు. అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది, గోళ్ళు దిగబడేంత గట్టిగా. ఆ పిల్ల నవ్వుమొహంతో పెన్ను పట్టుకుని ఎదురుచూస్తోంది.

"లేదమ్మా," అన్నాను. "కీలకమైనవాళ్ళెవరూ పోలేదు."

ఆ పిల్ల టిక్కు పెట్టుకుంది.